కడగని రొయ్య

ఫేబీకి రొయ్యను పట్టుకోవడం నడక వచ్చాక, అక్షరాలు రాకముందు వచ్చిన విద్య. బోగోలు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు చివర, సరుగుడు తోటలు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట, రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీ ఒకటి ఉంది. తల్లి రెబెక్కమ్మ అందులో తల్లి రొయ్యల షెడ్డులో పనిచేసేది. ఇప్పటికీ చేస్తోంది. బడి సెలవులు వస్తే కూతుర్ని వెంట తీసుకుపోయేది. ఆ షెడ్డులో పగలు కూడా మసక చీకటే. తల్లి రొయ్యలకు వెలుతురు పడదు. నల్ల టార్పాలిన్ల కింద, గుండ్రటి ట్యాంకుల్లో, గాలి గొట్టాల గుడగుడ మధ్య అవి నిదానంగా తిరుగుతుంటాయి. ఊరి పక్కనే సముద్రం ఉన్నా, ఫేబీ దగ్గరగా చూసిన మొదటి సముద్రం అదే. కప్పు కింద ఉన్నది, చీకటిగా ఉన్నది, మోకాలి లోతు ఉన్నది.

అక్కడ ఒక పని ఉండేది. ప్రతి తల్లి రొయ్యనూ చేతిలోకి తీసుకుని, తల మీది పెంకు అంచును బొటనవేలి గోటితో కాస్త ఎత్తి, లోపల మొప్పలు చూడాలి. మొప్పలు తడిసిన ఈకల్లా తేటగా ఉంటే మంచిది. నూగో, తుప్పురంగు పాచో, నల్లటి చారో కనిపిస్తే జబ్బు కింద లెక్క. మెత్తటి కుంచెతో దువ్వుతూ, సముద్రపు నీళ్లు సన్నటి ధారగా పోస్తూ కడగాలి. ఈ పనిని రెబెక్కమ్మ మాటల్లో నేర్పలేదు. కూతురి వేళ్ల మీద తన వేళ్లు పెట్టి నేర్పింది.

కడగడం కంటే గట్టి నియమం ఇంకొకటి ఉండేది. ఆ కడిగిన నీళ్లు నేల మీద పడకూడదు.

“యాడికి మే, ఆ చెంబు?”

“బయట పోసొస్తానమ్మా.”

“పోస్తావు. ఆ నీళ్లు కాలవలో బడి పక్కోళ్ల హేచరీలోకి పోతాయి. వాళ్ల రొయ్యపిల్ల పొయ్యి ఊరోళ్ల గుంటల్లో పడతాది. ఎవురి కొంప ముంచను? టబ్బులో పోసి మూత పెట్టు. సాయంత్రం బ్లీచింగ్ ఏస్తారు.”

నాయన పేరు సమాధానం. కౌలుకు రొయ్యల గుంట చేసేవాడు. ఫేబీ ఏడో తరగతిలో ఉండగా ముసురు పట్టి, ఎండ మొహం చూడని రోజులు వచ్చాయి. ఒక తెల్లవారుజామున గుంటలో రొయ్యలన్నీ గట్టు వారకు చేరాయి. మీసాలు నీటి పైకి పెట్టి, ఎవరో పిలుస్తారని నిలబడ్డట్టు నిలబడ్డాయి. మధ్యాహ్నానికి తేలిపోయాయి. సమాధానం నడుము లోతు నీళ్లలోకి దిగి అడుగు మట్టి పిడికెడు తీశాడు. తారులా నల్లగా ఉంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది.

“అడుగున గ్యాస్ పుట్టింది,” అన్నాడు. ఆ పూట అన్నం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఆయన చేతుల నుంచి ఆ వాసన ఇంకా వస్తూనే ఉంది. తరవాత ఆయన గుంట జోలికి పోలేదు. కావలిలో టైర్ల షాపులో చేరాడు.

డిగ్రీలో జంతుశాస్త్రం చెప్పే మేడం ఒకరోజు పాఠంలో లేని సంగతి చెప్పారు. నడిసముద్రంలో, కిలోమీటర్ల లోతున, నేల పగుళ్లలోకి సముద్రపు నీరు దిగుతుందట. కింద మరిగే రాయిని తాకి, మూడు వందల డిగ్రీలు దాటిన వేడితో, లోహాలు కరిగించుకుని మళ్లీ పైకి ఎగజిమ్ముతుందట. చల్లటి నీటిని తాకగానే ఆ లోహాలు నల్లటి పొగలా విడిపోయి, పేరుకుని, పొగగొట్టాల్లా లేస్తాయట. అక్కడికి ఎండ రాదు. ఎండ లేని చోట మొక్క ఉండదు, మొక్క లేని చోట తిండి ఉండదు. అయినా ఆ వేడినీటి బుగ్గల చుట్టూ రొయ్యలు గుంపులు గుంపులుగా బతుకుతున్నాయట.

“మరి ఏం తిని మేడం?” అని ఎవరో అడిగారు.

“ఆ నీళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుందే, ఆ గ్యాస్. దాని బలంతో తిండి తయారు చేసుకునే బ్యాక్టీరియా ఉన్నాయి. రొయ్యలు వాటిని తమ పెంకు కింద, నోటి దగ్గర, మొప్పల దగ్గర పెంచుకుంటాయి.”

క్లాసు ఆ మాట రాసుకుంది. ఫేబీ రాసుకోలేదు. నాయన గుంటను చంపిన గాలి ఇంకో చోట రొయ్యకు అన్నం ఎలా అయిందన్నది ఆమెకు ఆ రోజు పట్టుకుంది. దాన్ని వదిలించుకోవడానికి ఆమె చేసిన ప్రయత్నమే ఆ తరవాతి చదువంతా.

ఆ చదువు ఒక్క ఊపున సాగలేదు. ఎమ్మెస్సీ అయ్యాక నాలుగేళ్లు తల్లి పనిచేసే హేచరీలోనే టెక్నీషియన్‌గా ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెంకు ఎత్తడం, చూడడం, కడగడం. ఆ పైన పరిశోధనకు సీటు వచ్చింది. డాక్టరేట్ పట్టా వచ్చింది. వాకాడు తీరాన, సముద్రం హోరు గోడలకు తగిలే ఒక పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. మొదటి కొన్నేళ్లు ఆమె చూసిన బుగ్గ రొయ్యలన్నీ పరాయి దేశాల ఓడలు పట్టి తెచ్చినవే. గాజు సీసాల్లో, రంగు వెలిసిపోయి, ఎవరో తీసిన ఫొటోల్లో. తన చేత్తో తీసిన ఒక్క రొయ్య ఉంటే దాని నోటి దగ్గర ఏవి ఉన్నాయి, మొప్పల దగ్గర ఏవి ఉన్నాయి, దేన్ని అది తింటోంది అని వరసగా చూడవచ్చు. ఆమె అడిగేది అంతే.

ముప్పై ఆరో ఏట ఆమె ఓడ ఎక్కింది.

ఆ యాత్రకు పెద్ద చెంచురామయ్య గారు. సంగం ఊరి మనిషి. పెన్న నీళ్లతో వరి పండించే ఇంట్లో పుట్టి, రాళ్ల శాస్త్రం చదివి, సముద్రపు అడుగు పటాలు గీయడంలో తల నెరిసినవాడు. ఫేబీని చూస్తే ఆయనకు వేళాకోళం ఆగదు.

“ఏమ్మా ఫేబమ్మా, గుంటలు తవ్వి మా పొలాలు చవుడు చేసినారు. ఇప్పుడు సముద్రం మింద పడ్డారా?”

“సముద్రం ముందే ఉప్పు గదా సార్. మా వల్ల చెడేదేం లేదు.”

బ్యాక్టీరియా సంగతి చూసే వెన్నెల కూడా ఫేబీ పనిచేసే వాకాడు కేంద్రం నుంచే వచ్చింది. నెల్లూరు టౌను పిల్ల, ఫేబీ కంటే చిన్నది, నోరు కాస్త పెద్దది. రొయ్యల్ని ఫేబీ సిద్ధం చేసి ఇవ్వాలి. వాటిమీద బతికే బ్యాక్టీరియాను వెన్నెల వేరు చేయాలి. ఒకరి పని లేకుండా ఇంకొకరికి పని లేదు.

ఓడ చాలా రోజులు దక్షిణంగా పోయింది. హిందూ మహాసముద్రం మధ్యలో, నీటి అడుగున కొండల వరస మీద ఆగింది. పొడవాటి కేబుల్‌కు కట్టిన యంత్రాన్ని కిందికి దించారు. దానికి దీపాలు, కెమెరా, ఒక ఇనుప చెయ్యి, నీళ్లతో సహా జీవాల్ని పీల్చుకునే గొట్టం ఉన్నాయి. అది అడుగు చేరేసరికి సగం పూట గడిచింది. తెర మీద మొదట ఏమీ లేదు. తెల్లటి నలుసులు మాత్రం పైనుంచి రాలుతున్నాయి, ఏ మేఘం నుంచి రాలుతున్నాయో తెలియని మంచులా. తరవాత రాయి కనిపించింది. ఆ రాయి పొగ వదులుతోంది. పొగ వారన గోడ కదులుతోంది. గోడ కాదు, రొయ్యలు. ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి, తేనెపట్టు మీద ఈగల్లా ముసిరి ఉన్నాయి. వాటికి మామూలు రొయ్యల్లా కాడల మీద కళ్లు లేవు. వీపు మీద మెరిసే ఒక మచ్చ ఉంది. దానితోనే ఆ వేడి నీటి మసక కాంతిని పసిగడతాయంటారు.

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఫేబీ ముక్కు మీద వేలు పెట్టుకుని, ఆ తెర నుంచి వాసన వస్తుందేమోనన్నట్టు కూర్చుంది.

వాసన మర్నాడు పొద్దున వచ్చింది. యంత్రం పైకి చేరాక, గొట్టం పీల్చినవి చేరే డబ్బా మూత తీశారు. గొట్టం మధ్యలో రాతి ముక్క అడ్డం పడి గుప్పెడు రొయ్యలే వచ్చాయి. ఆ లోతు వదిలి పైకి వచ్చేసరికి చాలా వరకు చచ్చిపోయాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన గదంతా కమ్మింది. మిగతా వాళ్లు మాస్కులు సర్దుకున్నారు. ఫేబీకి మాత్రం ఒక గట్టు, ఒక ముసురు, ప్రార్థనకు జోడించిన రెండు చేతులు గుర్తొచ్చాయి.

చేయవలసిన పని ముందే మాట్లాడుకున్నదే. పైన అంటిన రాతి పొడి పోయేలా ఒక్కసారి నీళ్లలో ముంచి తీయాలి. ఫొటో తీయాలి. చెడకుండా ఉంచే ద్రావణంలో వేయాలి. పెంకు లోపలికి చెయ్యి పోకూడదు.

వెన్నెల పక్క గదిలో సీసాలు సర్దుతోంది. ఫేబీ మొదటి రొయ్యను ముంచి తీసింది. పొడి రాలింది. వేళ్ల మధ్య అది చల్లగా, బరువుగా, ఎప్పటి రొయ్యలాగే ఉంది. బొటనవేలి గోరు పెంకు అంచును వెతుక్కుంది. ఎత్తింది. లోపల తుప్పురంగు నూగు మందంగా పేరుకుని ఉంది. ఆమె ఎడమ చెయ్యి కుంచె అందుకుంది. వడకట్టి చల్లబరిచిన సముద్రపు నీరు సన్నటి ధారగా పడింది. నూగు దారాలు దారాలుగా ఊడి బకెట్లోకి జారింది. మొప్పలు తడిసిన ఈకల్లా తేటపడ్డాయి. ఆమె ఇంకో రొయ్యను తీసుకుంది.

ఏళ్ల తరబడి చదివిన వ్యాసాలన్నీ తలలో ఉన్నాయి. ఆ వాసనకు కదిలింది తల కాదు. బోగోలు షెడ్డులో, మసక వెలుతురులో, తల్లి వేళ్ల కింద నేర్చుకున్న రెండు చేతులు.

“అక్కా, అయిపోయిందా?” అంటూ వెన్నెల వచ్చింది. ట్రేలో రొయ్యలన్నీ వరసగా, పెళ్లికి ముస్తాబైనట్టు మెరుస్తున్నాయి. ఒకదాని పెంకు ఎత్తి చూసింది. ఇంకోదాన్ని చూసింది.

“ఏం చేసినావక్కా?”

ఫేబీ తన చేతిలో కుంచెను అప్పుడే చూసినట్టు చూసింది.

“కడిగేసినావా? అన్నీనా? నేను దేనికి వచ్చినట్టు ఈ ఓడకి, సముద్రం గాలి తినేదానికా? ఇంక కూర వండుకుందామా, మసాలా తెచ్చేదా?”

చెంచురామయ్య గారు వచ్చారు. ట్రే చూశారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“ఒక్కటన్నా మిగిలిందా?”

“లేదు సార్.”

“రొయ్యలోళ్లను ఓడెక్కిస్తే ఇదే. ఇంకో మాటు దించుదామంటే, కేబుల్ దగ్గర మోటారు మొరాయిస్తుండాది. గాలి కూడా లేస్తుండాది. కెప్టెన్ రేపు తిరుగుదామంటుండాడు.” ఆయన గొంతులో వేళాకోళం లేదు. ఒక గదిలో ముగ్గురు మనుషులు, ఎవరికీ పనికిరాని శుభ్రమైన రొయ్యలు.

కాసేపటికి వెన్నెల కోపంగానే బల్ల తుడవడం మొదలుపెట్టింది. బల్ల కింద బకెట్టు కాలికి తగిలింది.

“ఇది కూడా అడ్డం. పారబోసొస్తా.”

“పొయ్యబాక!” అంది ఫేబీ. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే చెంచురామయ్య గారు తలెత్తారు. “బ్లీచింగ్ కలపకుండా...” అని సగంలో ఆగిపోయింది.

వెన్నెల వంగి చూసింది. బకెట్టుకు మూత పెట్టి ఉంది. ఓడలో బకెట్టుకు మూత ఎవరూ పెట్టరు. కడిగిన నీళ్లు తూములోకే పోతాయి.

“ఏముంది దీంట్లో?”

“కడిగిన నీళ్లు.”

“మొత్తమా?”

“మొత్తం. చుక్క బయట పొయ్యలా.”

వెన్నెల మూత తీసింది. అడుగున తుప్పురంగు మడ్డి, నిద్రపోతున్నట్టు పేరుకుని ఉంది. ఆమె నేల మీదే చతికిలబడింది. ఆమెది నవ్వో ఏడుపో తెలియలేదు.

“ఫేబక్కా, నిన్ను ఏం చెయ్యాలో తెలవడం లేదు నాకు. ఆ ఫిల్టరు కాగితాలు ఇటియ్యి. నిలబడి చూస్తావేంది, పంపు తగిలించు!”

ఇద్దరూ ఆ నీళ్లను పలచటి తెల్ల కాగితాల గుండా పీల్చారు. కాగితాల మీద తుప్పురంగు పొర నిలిచింది. వాటిని మడిచి, గొట్టాల్లో పెట్టి, గడ్డకట్టే చలిలో దాచారు. మర్నాడు ఓడ వెనక్కి తిరిగింది.

వాకాడులో నెలలు పట్టిన పనిలో ఆ కాగితాల నుంచి జన్యువులు చదివారు. ఆ బుగ్గ దగ్గరి రొయ్యల మీద ఏ ఏ బ్యాక్టీరియా ఉన్నాయో తెలిసింది. గంధకపు గాలి మీద బతికేవే ఎక్కువ. ఇనుము మీద బతికేవి కొన్ని. వెన్నెలకు కావలసింది దాదాపు అంతా దొరికింది. ఫేబీకి దొరకలేదు. బకెట్లో అన్నీ కలిసిపోయాయి. ఏది నోటి దగ్గర ఉండేది, ఏది మొప్పల దగ్గర ఉండేది, రొయ్య నోట్లోకి ఏది పోయేది అన్నది నీళ్లు చెప్పవు. కడగని రొయ్య చెప్పాలి. అంటే మళ్లీ ఓడ ఎక్కాలి. ఇంత జరిగాక ఎక్కించుకుంటారా అన్నది తెలియదు.

మరుసటి యాత్రకు పేర్లు తేల్చే సమావేశంలో, నమూనాలు పాడుచేసిన మనిషికి మళ్లీ చోటు ఎందుకని ఒకరు అడిగారు. ఫేబీ బల్ల చివర కూర్చుని ఉంది. అడిగినవాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు. తానైనా అదే అడిగేది.

చెంచురామయ్య గారు కళ్లజోడు తుడుచుకున్నారు. “కడిగింది ఆమే. కడిగిన నీళ్లు మూత పెట్టి దాచింది ఆమే. రెండూ ఒక చెయ్యి చేసిన పనులే. నీళ్లు తూములో పోసే చేతులు నా దగ్గర శానా ఉండాయి. ఈ చేతికి ఒక్క పని మరిపిస్తే చాలు. ఏమ్మా, అయ్యేపనేనా?”

“చూస్తాను సార్.”

“చూసేది కాదు. రొయ్యను పెంకెత్తి చూడబాక అంటుండా.”

ఆ శనివారం ఫేబీ బోగోలు పోయింది. జరిగింది మొదటినుంచీ తల్లికి చెప్పింది. రెబెక్కమ్మ మంచం మీద కూర్చుని వింది. సమాధానం గుమ్మంలో నిలబడి విన్నాడు.

“మురికి రొయ్య కావాలని సముద్రంలోకి పొయ్యేవాళ్లను ఇప్పుడే చూస్తుండా,” అంది రెబెక్కమ్మ.

“మురికి కాదమ్మా, అదే దానికి కూడు.”

“నాకేం తెలస్తాది. నేను నేర్పిన చెయ్యే గదా అది.” కాసేపు తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “అయితే ఒక పని చెయ్యి. ఓడెక్కేదాకా నువ్వు రొయ్య ముట్టుకోబాక. హేచరీ గేటులోకి రాబాక. ఇంట్లో కూరకు కూడా చెయ్యి పెట్టబాక. పాలు మరిపించినట్టు మరిపించాల ఆ చేతుల్ని.”

సమాధానం గుమ్మంలోంచి, “ఆ గ్యాస్‌లో నిజంగా బతుకుతుండాయా అయ్యి?” అని అడిగాడు.

“బతుకుతుండాయి నాయనా. దాన్నే తిని.”

ఆయన తలాడించాడు. కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు.

రెబెక్కమ్మ ఆ నియమాన్ని హేచరీ నియమం లాగే అమలు చేసింది. చర్చిలో ప్రేమ విందు వచ్చింది. ఆడవాళ్లంతా షెడ్డు కింద పెద్ద బేసిన్ల చుట్టూ కూర్చుని రొయ్యలు వలుస్తున్నారు. ఫేబీ మాత్రం దూరంగా, అటు తిరిగి, ఉల్లిపాయలు తరుగుతోంది.

పక్కింటి ఎలిశబెతు ఊరుకుంటుందా? “ఏం డాక్టరమ్మా, రొయ్యలు వాసనొస్తుండాయా ఇప్పుడు?”

“దాన్ని కదిలించబాక,” అంది రెబెక్కమ్మ. “దానికి పరీచ్చ ఉంది.”

“ఏం పరీచ్చ?”

“రొయ్యలు కడగడం మర్చిపొయ్యే పరీచ్చ.”

ఎలిశబెతు చేతిలో రొయ్య బేసిన్లో పడింది. “ఇన్నేళ్లు చదివించింది ఇందుకా రెబెక్కా?” షెడ్డంతా నవ్వింది. ఫేబీ కూడా నవ్వింది. ఉల్లిపాయల వల్ల ఆమె కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. నవ్వుతున్నప్పుడు కూడా ఆమె బొటనవేలు, కత్తి పిడి మీద, ఏదో అంచును ఎత్తుతున్నట్టు మెల్లగా కదులుతూనే ఉంది.

రెండో యాత్రలో అదే కొండల వరస, అదే పొగ. గొట్టానికి ఏమీ అడ్డం పడలేదు. డబ్బా మూత తీశారు. ఆ వాసన వచ్చింది. వెన్నెల ఈసారి పక్క గదికి పోలేదు. బల్ల మీద కుంచె లేదు. కుంచెలన్నీ ఆమె ముందే తీసి తన పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఫేబీ ఒక రొయ్యను ముంచి తీసింది. రాతి పొడి రాలింది. బొటనవేలు అంచు దగ్గరకు పోయింది. గోరు పెంకును తాకింది. అక్కడ ఆగింది. ఎంతసేపు ఆగిందో వెన్నెలే చెప్పాలి, ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది కాబట్టి. ఫేబీ రొయ్యను తుప్పుతో, నూగుతో, ఉన్నదాన్ని ఉన్నట్టు ద్రావణంలోకి జారవిడిచింది. ఇంకోదాన్ని తీసుకుంది. చివరి రొయ్య అయ్యేసరికి ఆమె మెడ మీద చెమట పట్టింది. ఆ గదిలో ఏసీ గట్టిగానే ఉంది.

ఓడలోని సూక్ష్మదర్శిని కింద ఒకదాని నోటి అవయవాన్ని పెట్టి చూశారు. వెంట్రుక వెంట్రుకకూ బ్యాక్టీరియా దారాలు వేలాడుతున్నాయి, ఎండ ఎరుగని చోట కాసిన కంకుల్లా. మొప్పల మీద అవి పలచగా, వేరే తీరులో ఉన్నాయి. ఏది తిండి, ఏది తోడు అన్నది ఇంకా తేలాలి. వాకాడులో కొన్ని సంవత్సరాల పని అది. కానీ ఎక్కడివి అక్కడ ఉన్నాయి.

చెంచురామయ్య గారు వంగి చూసి, నిటారుగా లేచారు. “మా వరి మడి లాగే ఉంది గదమ్మా,” అన్నారు. ఆయన నోటినుంచి రొయ్యకు దక్కిన మొదటి మెప్పు అదే.

ఓడ రేవుకు దగ్గరపడి ఫోనుకు సిగ్నల్ అందగానే ఫేబీ ఇంటికి చేసింది.

“కడిగినావా?” అంది రెబెక్కమ్మ, ఎట్లా ఉన్నావని కూడా అడగకుండా.

“లేదమ్మా.”

“ఒక్కటి కూడా?”

“ఒక్కటి కూడా.”

ఫోనులో అవతల నుంచి హేచరీ గాలి గొట్టాల గుడగుడ వినిపించింది. తల్లి రొయ్యల షెడ్డులోంచే మాట్లాడుతోంది.

“సరే, దేవునికి స్తోత్రం. బిరీన ఇంటికి రా. మీ నాయన నువ్వొచ్చే పొద్దుకి రెండు కేజీలు తెస్తానంటుండాడు. కడిగే మనిషి లేక ఇంట్లో రొయ్యల కూరొండి ఎన్నాళ్లయిందో.”